చంకలో గొర్రెపిల్ల

మందను లెక్కపెట్టకూడదు. పెడితే దిష్టి తగులుతుందని వెంకటలక్ష్మమ్మకు అత్తగారు చెప్పింది, ఆమెకు వాళ్ళత్త చెప్పింది. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలోని ఆ మెట్ట పల్లెలో గొర్రెలు కాసే ఇళ్ళన్నిటిదీ అదే కట్టుబాటు. మరి సాయంత్రం దొడ్డికి తోలేటప్పుడు ఒకటి తగ్గితే తెలిసేదెలా అని ఊరికి కొత్తవాళ్ళెవరైనా అడిగితే ఆమె నవ్వేది. పన్ను ఊడితే నాలుక ఎక్కడికి పోతుంది? లేనిచోటికే కదా! గొర్రెలు కాసేవాళ్ళ కన్నూ అంతే. ఉన్నవాటిని వదిలేసి, లేనిదాన్ని పట్టుకుంటుంది.

సదుం పక్కనుంచి కోడలిగా వచ్చిన కొత్తల్లో ఆ కన్ను కుదరక ఆమె మొగుడి చేత, అత్త చేత బోలెడు తిట్లు తింది. కుదిరాక మాత్రం మొగుడు బైరప్పనే మించిపోయింది. మంద మొత్తం మీద ఒక్కసారి చూపు తిప్పి, "ఆ కర్రి గొర్రె యాడప్పా?" అనేది. అతను నాలిక్కరుచుకుని వెనక్కి పరుగెత్తేవాడు.

పాత రోడ్డుతో ఆమెకు పేచీ ఉండేది కాదు. గుట్ట మలుపులో లారీ కనిపించిందంటే, అది అంజి టీ అంగడి దాటేలోపు మందంతా అవతలికి చేరిపోయేది. చివర్న బైరప్ప వక్కాకు తాపీగా ఉమ్మేసి మరీ వచ్చేవాడు. రోడ్డు వెడల్పు చేసి, గుట్టను తొలిచి, మలుపు తీసేశాక ఆ అంచనాలన్నీ తప్పాయి. ఇప్పుడు బండి దూరాన ఉన్నంతసేపూ గోడకు అంటించిన బొట్టుబిళ్ళలా కదలకుండా ఉంటుంది. కదులుతోందని తెలిసేసరికి మీదికి వచ్చేసి ఉంటుంది. మధ్యలో ఉండాల్సిన దూరాన్ని ఎవరో కాజేసినట్టే ఉండేది ఆమెకు. ముందు అంజి కుక్క పోయింది. తర్వాత పక్క పల్లె పాపమ్మ గొర్రెలు పోయాయి. ఈ రోడ్డుకు ఆకలి తీరలేదని వెంకటలక్ష్మమ్మ లోలోపల వణికిపోయేది.

ఆమె ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. రోడ్డు మీదే చూపు నిలిపితే ఒక్క బండి రావడానికి ఒక పూట పట్టినట్టుంటుంది. చూపు గొర్రెల మీదికి మళ్ళిందంటే ఎంతసేపు గడిచిందో దేవుడికే తెలియాలి. అందుకని పని పంచుకున్నారు. రోడ్డు చూడడం ఆమె వంతు, మందను దాటించడం అతని వంతు. బైరప్పకు చెవులు పోయి చాలా కాలమైంది. కుప్పంలో నర్సుగా పనిచేసే కూతురు కల్పన చెవి మిషను కొనిస్తే, అందులో గాలి హోరు తప్ప ఏమీ లేదని ట్రంకుపెట్టెలో పడేశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊది లాభమేముందని ఆమె ఎర్ర తువ్వాలు చేతబట్టింది. ముందు తను రోడ్డు దాటి అంజి అంగడి దగ్గర నిలబడాలి. తువ్వాలు ఎత్తితే ఆగమని, దించితే రమ్మని.

"నువ్వు రోడ్డు సూడొద్దు, గొర్రెల్నీ సూడొద్దు. నా సెయ్యి సూడు, సాలు," అని ఆమె సైగలతో కలిపి చెప్పింది.

"పెండ్లయినప్పట్నుంచీ అదే గదా సూస్తాండేది, యాడ మొట్టుతావో అని," అన్నాడు బైరప్ప.

కల్పన ఫోను చేసినప్పుడల్లా ఒకటే పాట. "మందను అమ్మేయండమ్మా. ఆ రోడ్డు తలుసుకుంటే నాకు నిద్ర పట్టదు."

"దాటకుంటే మేత యాడుండాదే? నేను సూసుకుంటాలే," అనేది తల్లి.

టమాటా లారీలు మదనపల్లె మార్కెట్టు నుంచి వరసగా వస్తున్న కాలమది. ఆ సాయంత్రం ఎండ బైరప్ప వెనకనుంచి నేరుగా ఆమె కళ్ళల్లో కొడుతోంది. ఆమె రోడ్డు దాటి తువ్వాలు ఎత్తింది. ఒక లారీ పోయింది. దాని వెనక ఇంకొకటి పోయింది. అవతల బైరప్ప కంబళి కప్పుకుని ఆమె చేతినే చూస్తున్నాడు. మదనపల్లె వైపు తెల్లకారు ఒకటి చుక్కలా కనబడింది. చాలా దూరంగా ఉంది. అప్పుడే బొల్లిచెవుల గొర్రె అరిచింది.

ఆ గొర్రె పక్కన ఖాళీగా ఉంది. ఆ వారమే పుట్టిన దాని పిల్ల లేదు.

ఆమె కన్ను అలవాటు ప్రకారం లేనిదాని వెంట పడింది. కంపచెట్ల కింద వెతికింది, బండ పక్కన వెతికింది, కాలువ గట్టంతా తడిమింది. నక్క ఎత్తుకుపోయిందో, గుంతలో పడిందో! ఎండ మిరుమిట్లు గొలుపుతుంటే కళ్ళు చిట్లించి చూసింది. రెప్పపాటే. తర్వాత ఎవరడిగినా ఆమె ఒట్టేసి అదే చెప్పింది.

ఆ తర్వాత ఆమెకు చప్పుడు ఒక్కటే వినిపించింది. కారు ఎప్పుడొచ్చిందో తెలియనే లేదు. బైరప్ప రోడ్డు మీద పడి ఉన్నాడు, అతని వెనకే రెండు గొర్రెలు చచ్చిపడి ఉన్నాయి. ఆమె గుండెలు బాదుకుంటూ పోయి మీద పడితే కంబళి కదిలింది. అందులోంచి బొల్లిచెవుల గొర్రెపిల్ల వణుకుతూ లేచి, తల్లి కోసం అరిచింది. దాని ఒంటి మీద గీత కూడా లేదు.

చంకలో గొర్రెపిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టని మనం నవ్వుకుంటాం. వెతుకుతున్నంతసేపూ ఆ దారిన ఏమొస్తోందో సామెత పుట్టించిన మహానుభావుడు చెప్పలేదు.

బైరప్పకు మదనపల్లెలో కట్లు కట్టించి, కూతురుందని కుప్పం తీసుకుపోయారు. తుంటిలో, తొడలో రాడ్లు వేశారు. పోలీసు వచ్చి అడిగితే, "ఎత్తిన సెయ్యి ఎత్తినట్టే ఉండాది సార్, దించనే లేదు," అని ఆమె చెప్పింది. ఆ మాట కల్పన కాగితం మీద రాసి చూపిస్తే బైరప్ప తలూపాడు. "అవును సార్. ఆయమ్మి ఎత్తే ఉండె. నేనే సూసుకోకుండా వస్తి."

దాంతో వెంకటలక్ష్మమ్మ భయమంతా కోపమైంది. అన్నం కలిపి పెడుతూ తిట్టేది, పక్క సర్దుతూ తిట్టేది. "తువ్వాలు ఎత్తి పెడితే గుడ్డోని మాదిరి వస్తివే! సెవులు పాయె, కండ్లు గూడా పాయెనా?" వినపడకపోయినా పెదాల కదలిక చూసి అతను, "నాదే తప్పులే," అనేవాడు. వార్డులో వాళ్ళంతా ఆమె వైపే మాట్లాడారు.

అయినా ఆమెకు ఏదో వెలితిగా ఉంది. కాపురానికి వచ్చినప్పటినుంచి ఒక్కదానికీ తప్పు ఒప్పుకోని మనిషి, తానే దారి తప్పి ఊరే జరిగిందని వాదించే మనిషి, ఇంత సులువుగా ఒప్పుకోవడమేమిటి? మందను చూసుకోవడానికి ఊరికి పోయినప్పుడు ఆమె నేరుగా అంజి అంగడికి నడిచింది. అంగడి చూరు కింద రోడ్డు వైపు తిప్పిన కెమెరా ఉంది.

"సూడొద్దులేక్కా," అన్నాడు అంజి. "కారోడు యమా స్పీడులో వచ్చినాడని తేలిపాయె గదా. నేనిది ఎవరికీ సూపీలేదు."

"ఎందుకు సూపీలేదు?"

అంజి ఫోనులో ఆ రోజు రికార్డింగు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

బొమ్మలో ఆమె తువ్వాలెత్తి నిలబడి ఉంది. దూరంగా తెల్ల చుక్క ఉంది. ఆమె తల పక్కకు వంగింది. తువ్వాలు పట్టిన చెయ్యి కిందికి దిగి, ఎండకు అడ్డంగా నుదుటి మీద ఆగింది. అక్కడే ఉండిపోయింది. ఎంతకీ కదల్లేదు.

"బొమ్మ ఆగిపాయెనా అంజీ?"

"లేదక్కా. నడస్తానే ఉండాది."

నిజమే, గొర్రెల తోకలు ఆడుతున్నాయి. కారు పెద్దదవుతోంది. ఆమె మొహం రోడ్డు వైపే ఉంది, కారు ఆమె కళ్ళ ముందే వస్తోంది. అవతల బైరప్ప దిగిన చేతిని చూశాడు. రోడ్డెక్కాడు. ఒక చేత్తో కంబళి అంచు పైకెత్తి, లోపలున్న పిల్ల తలను ఆమెకు చూపిస్తూ, నవ్వుకుంటూ వస్తున్నాడు. ఆమె అతని భుజం మీదుగా కంపచెట్లలోకి చూస్తోంది.

చివరిదాకా చూడకుండానే ఆమె ఫోను తిరిగిచ్చేసింది. ఇన్నాళ్ళూ తను తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. బస్సెక్కి కుప్పం చేరేదాకా కిటికీ వైపు చూడలేదు.

ఆస్పత్రి నడవా ఆ చివర కల్పన తండ్రిని లేపి, నడక స్టాండు పట్టించి నిలబెట్టి ఉంది. తల్లిని చూడగానే ఊపిరి పీల్చుకుంది.

"పొద్దున్నుంచీ చెప్తాండాను, అడుగెయ్యనంటాడు. నువ్వు రావల్లంట."

బైరప్ప ఆమెను చూశాడు. చూపు ఆమె మొహం మీద ఆగలేదు, చేతి మీదికి దిగింది. తనకు తెలియకుండానే ఆమె భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి పైకెత్తింది. బైరప్ప నవ్వి, బుద్ధిగా ఆగాడు.

వెంకటలక్ష్మమ్మ కుడివైపు చూసింది. ఎడమవైపు చూసింది. నడవా ఖాళీగా ఉంది. మళ్ళీ కుడివైపు చూసింది. ప్రతి వార్డు తలుపునూ, మెట్లనూ, మూలనున్న స్ట్రెచర్నూ చూసింది. మళ్ళీ మొదటినుంచి చూసింది.

"అమ్మా, సెయ్యి దించమ్మా," అంది కల్పన. "నాయన నిలబడలేకుండాడు."

బైరప్ప కాళ్ళు వణుకుతున్నాయి. అతను మాత్రం ఆమె చేతినే చూస్తున్నాడు.