అన్నను గుంజకు కట్టేసిన రోజు

మొన్న దగ్గు తగ్గక జనగామ దవాఖానలో ఎక్స్‌రే కోసం మా అన్న అంగీ విప్పితే, వీపు మీద పాలిపోయిన తాడు వాతలు కనిపించి నేను గోడ వైపు తిరిగాను. అవి నా చేతి దెబ్బలే.

అన్న లారీ డ్రైవరు. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో హెచ్ఐవీ అని పైకి అనేవాళ్లే కారు. అన్న కూడా అది తనకుందని ఎవరికీ చెప్పుకోక, మందులు వాడక తిరిగి తిరిగి, ఒక ఎండాకాలం లింగాల ఘనపూర్ దగ్గరి మా ఊరికొచ్చి మంచం పట్టాడు. తలనొప్పికి గోడకేసి తల బాదుకునేవాడు, ఎడమ కాలు ఈడ్చేవాడు, మమ్మల్ని గుర్తుపట్టేవాడు కాదు. ఒక మధ్యాహ్నం గంజి తాగించబోయిన అవ్వను, కన్నతల్లిని, రోకలితో కొట్టాడు. ఆమె ముంజేయి విరిగిన చప్పుడు వాకిట్లో ఉన్న నాకు వినిపించింది.

నేనూ, చిన్నాయిన కొడుకులూ కలిసి అన్నను పశువుల కొట్టంలో గుంజకు కట్టేశాం. ఎవరో చేతబడి అన్నారు, కొడితే దిగుతుందన్నారు. పలుపుతాడు పట్టింది మాత్రం నేను. అవ్వ చేతి కోసం, ఇంటి పరువు పోయిందన్న కోపంతో కొట్టాను, నెత్తురు నా లుంగీ మీద చిందినా ఆపలేదు. విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని అవ్వే వచ్చి అడ్డం నిలబడింది. ఆఖరి దెబ్బ ఆమె భుజం మీద పడింది.

"వాన్ని దవాఖానకు తోల్కపోతవా, నన్ను సుత కొడ్తవా?" అంది.

దవాఖానలో డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, తలకు స్కానింగ్ తీయించి, ఇది పిచ్చి కాదని, హెచ్ఐవీతో ఒంట్లో బలం తగ్గినప్పుడు లేచే ఒక క్రిమి మెదడులో గడ్డలు కట్టిందని, దానికి మందుందని చెప్పింది. ఆ మందు పెద్ద పెద్ద తెల్ల గోలీలు. కక్కుకుంటే నలగ్గొట్టి నీళ్లలో కలిపి పట్టాం. మొదట్లో నర్సమ్మను కరిచాడు, నా మొహం రక్కాడు. పదో రోజు "తమ్మీ" అని పిలిచాడు. ఆరు వారాలు ఆ గోలీలు నడిచాయి, మధ్యలోనే హెచ్ఐవీ మందులూ మొదలుపెట్టారు.

చేతికి ఆ కట్టేమిటని అన్న అడిగితే, పొలం ఒడ్డు మీద జారిపడ్డానంది అవ్వ. తన వీపు సంగతి అతను ఎవరినీ అడగలేదు. అవ్వ ఉన్నప్పుడూ, ఆమె పోయాకా మేమెవరమూ ఆ మాట ఎత్తలేదు.

ఎక్స్‌రే అయ్యాక బయట బెంచీ మీద, ఆ వాతలు నేను కొట్టినవేనని చెప్పేశాను. అన్న అంగీ గుండీలు పెట్టుకుంటూ అన్నాడు.

"ఎర్కేరా తమ్మీ. అవ్వ చెయ్యి నేనే ఇరగ్గొట్టిన్నని గూడ ఎర్కే. గోలీలు పడ్డంక దినాం గింత యాదికొచ్చింది. అవ్వ జారిపడ్డ అంటుంటే ఊకున్న."

ఇప్పుడు మా ఊళ్లో ఎవరికైనా మతి తప్పితే ముందు అంబులెన్సుకు ఫోను చేస్తారు. అన్న మందులు తెచ్చుకునే రోజున పక్కింటివాళ్లే బండి మీద దింపివస్తారు. ఆ కాలంలో అంత తెలివి మా ఇంట్లో అవ్వ ఒక్కదానికే ఉండేది. ఇద్దరమూ చేసిన తప్పు ఒప్పుకోకుండా ఆమె ముందు ఊరుకున్నాం. ఊరుకోనక్కరలేని కాలం వచ్చేసరికి, చెప్పుకుందామంటే ఆమె లేదు.