మంచి నీళ్ళేనని చెప్పాను

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నన్ను నమ్మిన ఒకామెకు నేను అబద్ధం చెప్పాను. చిన్న అబద్ధం. నాలుగు మాటలు కూడా ఉండవు. దాన్ని మోస్తూనే ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను, శాలువాలు కప్పించుకున్నాను, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాను. అలిసిపోయాను. చెబితే క్షమిస్తారనే ఆశతో చెప్పడం లేదు. ఇంక మోసే ఓపిక లేదు, అంతే.

నేను విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ చెబుతాను. మాది ఉద్దానం. పలాసలో బస్సు దిగి, జీడిగింజలు వేయించే వాసన దాటుకుని సముద్రం వైపు వెళ్తే మా ఊరు వస్తుంది. ఇసుక నేల, కొబ్బరి, జీడితోటలు. మా వైపు కిడ్నీ జబ్బు గురించి మీరు వినే ఉంటారు. షుగరు లేదు, బీపీ లేదు, పొలం పని చేసుకునే మనిషి ఉన్నట్టుండి నీరసపడతాడు. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగిందంటారు. ఎందుకు పెరిగిందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. నీళ్ళన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు. మా బాబాయి అలాగే పోయాడు. బాబాయి అంటే మా నాన్నకు తమ్ముడు. ఆయన భార్య, మా పిన్ని. నేను అబద్ధం చెప్పింది ఆమెకే.

మా విశ్వవిద్యాలయంలో ఒక కేంద్రం పెట్టించాలని నేను చాలాకాలం తిరిగాను. నీళ్ళలోనో మందులోనో రక్తంలోనో కలిసిపోయిన పదార్థాలను ఒకదాన్నుంచి ఒకటి విడదీసి, ఏది ఎంత ఉందో చెప్పే విద్యకు ఒక కేంద్రం. పరిశోధనకూ, పిల్లలకు శిక్షణకూ. అడిగిన ప్రతిచోటా ఉద్దానం పేరు ముందు పెట్టాను. మా వాళ్ళ నీళ్ళలో ఏముందో తేలుస్తానన్నాను. ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను. అది మాత్రం నమ్మండి. లేకపోతే నమ్మకండి. నాకే ఒక్కోసారి నమ్మబుద్ధి కాదు.

నిపుణులు పరిశీలనకు వచ్చినప్పుడు వాళ్ళను మా ఊరికి తీసుకెళ్ళాను. పిన్ని వాళ్ళకు కొబ్బరిబొండాలు కొట్టించి, బాబాయి చివరి రోజుల గురించి చెప్పింది. ఏడవలేదు. మనిషికి దాహం వేస్తున్నా డాక్టర్లు చెప్పినంతే నీళ్ళు కొలిచి ఇవ్వాల్సి రావడం ఎలా ఉంటుందో చెప్పింది. వాళ్ళలో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కేంద్రం మంజూరైంది ఆ మాటలకేనని నా లెక్క. నా చదువుకు కాదు.

మిషన్లు వచ్చాయి. పిన్ని వీధి వీధీ తిరిగి ఆడవాళ్ళచేత నీళ్ళు పట్టించి పంపింది. నేనిచ్చిన గాజుసీసాలు చాలక, కొన్ని కూల్‌డ్రింకు సీసాల్లో పట్టింది. వాటిలో ఆమె తోటలోని బోరు నీళ్ళూ ఉన్నాయి. ఆ బోరు గురించి చెప్పాలి. చుట్టుపక్కల నీళ్ళు కొంచెం ఉప్పగా ఉంటే అవి మాత్రం తియ్యగా ఉండేవి. పిన్ని రోడ్డు దాకా పైపు వేయించింది. వీధి వీధంతా వచ్చి పట్టుకునేది. బాబాయి పోయాక ఆమెకు ఆ నీళ్ళమీదే అనుమానం. మూయించేద్దామనుకుని, నా పరీక్ష అయ్యేదాకా ఆగింది.

ప్రారంభోత్సవానికి ముందురోజు ఆ బోరు నీళ్ళను మిషన్‌లో పెట్టాను. నీళ్ళలో ఉన్న ఒక్కొక్క పదార్థానికి తెరమీద గీత ఒక్కొక్క గుట్టలా లేస్తుంది. తెలిసినవి లేచాయి. వాటి తరవాత, గీత పడుకుని ఉండాల్సిన చోట, ఇంకొకటి లేచింది. అదేమిటో నాకు తెలియదు. మాదగ్గరున్న దేనితోనూ సరిపోలలేదు.

అదేదో విషమని నేననడం లేదు. ప్లాస్టిక్ సీసాలోంచి దిగి ఉండవచ్చు. కొత్త మిషన్ లోపలి మురికి కావచ్చు. ఒక్కసారి చూసినదానితో ఏదీ తేలదని నేనే పిల్లలకు చెబుతాను. మళ్ళీ నడపాలి. గాజుసీసాలో కొత్తగా నీళ్ళు తెప్పించాలి. వారాలు పట్టే పని. అదే నా పని. దానికోసమే ఆ కేంద్రం.

నేను తెర ఆపేశాను.

ఎందుకు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్ని రకాలుగా అడిగానో. మర్నాడు పెద్దలొస్తున్నారు. ఏదో ఉందట, ఏమిటో తెలియదట అని ఎవరి చెవినైనా పడితే పేపర్లవాళ్ళు వస్తారు, ఊళ్ళో గోల లేస్తుంది, కేంద్రం మొదటిరోజే చిక్కుల్లో పడుతుంది. మందుల ఫ్యాక్టరీలు తమ వాళ్ళను శిక్షణకు పంపుతామన్నాయి, అవి వెనక్కి తగ్గుతాయి. ఇవన్నీ కారణాలే. కానీ నిజం ఇంకా చిన్నది. నాకు మర్నాటి పండగ కావాలి. ఇన్నేళ్ళు తిరిగినదాన్ని, ఒక్కరోజు ఏ అడ్డూ లేకుండా నిలబడాలనుకున్నాను.

నిలబడ్డాను. ఉద్దానం ఆడపడుచు అని వేదికమీద ఎవరో అంటే అందరూ చప్పట్లు కొట్టారు. పిన్ని తన వీధి ఆడవాళ్ళతో బస్సులో వచ్చి వెనక వరసలో కూర్చుంది. భోజనాలయ్యాక వరండాలో నన్ను పక్కకు పిలిచింది.

"పాపా, మన బోరు నీల్లు సూసినావా?"

"చూశాను పిన్నీ."

"ఏటున్నాది?"

ఆమె నా మొహంకేసే చూస్తోంది.

"ఏటీ నేదు పిన్నీ," అన్నాను.

"సరిగ్గా సూసి సెప్పు. మూయించీమంతే మూయించెత్తాను. వీదిలో వోల్లందరూ అవే తాగుతన్నారు."

"ఉంచు. మంచి నీళ్ళే."

ఆమె మొహం తేటపడింది. "మీ బాబాయి పోయిన కాడినుంచీ ఆ నీల్లు ముట్టుకోవాలంతే బయివేసీదమ్మా," అంది. నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

ఏటీ నేదు. విశ్వవిద్యాలయంలో నేను మాట్లాడే భాషలో ఆ మాట రాలేదు. మా ఊరి మాటలో వచ్చింది. ఆమె నమ్మాలని నాకు తెలియకుండానే అలా అన్నానా? తెలిసే అన్నానా?

తరవాత చూద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ముందు శిక్షణ తరగతులు మొదలయ్యాయి, మిషన్‌కు ఖాళీ లేకుండా పోయింది. మా దగ్గర నేర్చుకున్న పిల్లలకు ఉద్యోగాలు వచ్చాయి. టెక్కలి నుంచి, కోటబొమ్మాళి నుంచి వచ్చిన ఆడపిల్లలు ఫ్యాక్టరీల ల్యాబుల్లో కుదురుకున్నారు. అది మంచిపనే. ఆ మంచిపనిని అడ్డం పెట్టుకుని చాలాకాలం నెట్టుకొచ్చాను. ఒక వేసవిలో, నమూనాలు చల్లగా దాచే కోల్డ్‌రూమ్ పాడైతే, మా ఊరి సీసాలు పనికిరాకుండా పోయాయి. పారబోయమని నేనే చెప్పాను. ఆ రోజు నా మనసు తేలికపడింది. దానికి సిగ్గుపడాలని కూడా అప్పుడు తోచలేదు. మళ్ళీ నీళ్ళు తెప్పించవచ్చు కదా? తెప్పిస్తే, ఎందుకని పిన్ని అడుగుతుంది. అందుకే తెప్పించలేదు.

మా ఊళ్ళోకి నది నీళ్ళ పైపులు వచ్చాయి. వీధిలో అందరూ కుళాయిలు వేయించుకున్నారు. పిన్ని వేయించుకోలేదు. వేయించుకున్నవాళ్ళలో కూడా కొందరు తాగడానికి బోరు నీళ్ళే పట్టుకునేవారు. మా పాప సూసింది, మంచియ్యే అని ఆమె అందరికీ చెప్పేదట. ఈ సంగతి మా తమ్ముడు ఫోన్‌లో నవ్వుతూ చెప్పాడు. నువ్వంటే అంత గురి అన్నాడు.

పోయిన ఏడాది పిన్నికి జబ్బని తేలింది. ఆ వీధిలో మరికొందరికి కూడా. ఆ నీళ్ళు ఎప్పుడూ తాగని వీధుల్లో కూడా వచ్చింది, అదీ నిజమే. ఆ బోరుకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందో లేదో నేను చెప్పలేను. చెప్పగలిగే అవకాశం ఒకప్పుడు నా చేతిలో ఉంది. నేను వదిలేసింది దాన్నే.

మొన్న పలాస వెళ్ళాను. డయాలసిస్ అయ్యాక ఆస్పత్రి బయట బల్లమీద కూర్చుని ఉంది పిన్ని. చాలా చిక్కిపోయింది. నన్ను చూసి సర్దుకుని చోటిచ్చింది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆ గీత, ఆ తెర, ప్రారంభోత్సవం. తిట్టిపోస్తుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె రోడ్డుమీద వెళ్తున్న ఆటోలను చూస్తూ కూర్చుంది.

"అయితే ఆ నీల్లు నేనే వోల్లందరికీ పోసీసినాను గదమ్మా," అంది చివరికి.

కాదు పిన్నీ, తప్పు నాది అన్నాను. ఆమె వినలేదు. వీధిలో జబ్బుపడినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే తనలో తాను అనుకుంటోంది. వాళ్ళు వద్దంటున్నా నువ్వే తాగమన్నావు కదే అని తనను తాను అడుగుతోంది. మళ్ళీ పరీక్ష చేస్తాను పిన్నీ అన్నాను. "ఇప్పుడెందుకు పాపా," అంది. నిజమే. ఇప్పటి నీళ్ళు అప్పటి నీళ్ళు కావు. అయినా గాజుసీసాలు పంపాను. ఈసారి ఏం కనబడితే అది ఊరందరి ముందూ చెబుతాను. తెలియకపోతే తెలియదని చెబుతాను. అది ఆమెకు పనికొచ్చేది కాదని నాకు తెలుసు.

ఆమెకు చెప్పి తప్పు చేశానా? చెప్పకుండా ఉండి చేసిన తప్పు చాలక, చెప్పి ఇంకొకటి చేశానా? నేను మోసిందాన్ని తీసుకెళ్ళి, జబ్బుమనిషి ఒళ్ళో పెట్టి వచ్చాను. మా తమ్ముడు చెబుతున్నాడు, ఆమె ఇప్పుడు వీధిలోకి రావడం లేదట. మోటారు స్విచ్ తీసేయించిందట. తలుపు దగ్గరికి ఎవరొచ్చినా లోపలికి వెళ్ళిపోతోందట.

నేను మాత్రం ఆ రోజు పలాస నుంచి తిరిగొస్తూ బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. ఎన్నో ఏళ్ళ తరవాత, కల కూడా లేని నిద్ర. కండక్టరు తట్టి లేపేదాకా మెలకువ రాలేదు. ఇది చెప్పుకోదగ్గ మాట కాదు. కానీ ఏదీ దాచకూడదనే మొదలుపెట్టాను కాబట్టి, ఇదీ చెబుతున్నాను.