రాహుకాలంలో పని చేసిన మా హేమ వదిన

నిన్న అన్న ఫోన్ చేశాడు.

హలో అన్నాను. వెనక లారీల హారన్లు మాత్రం వినిపిస్తున్నాయి.

"తొప్పూరు దగ్గర యాక్సిడెంట్ సుధా. వదిన లేదు" అన్నాడు. అంతే, కట్ అయింది.

నేను తిరిగి చేయలేదు. చేస్తే అదే మాట మళ్ళీ చెబుతాడని భయం.

వదిన సేలంలో ఉన్న వాళ్ళ అక్కని చూడడానికి బస్సులో వెళ్తోంది. ఘాట్ దిగేచోట బ్రేకులు ఫెయిలైన లారీ వెనక నుంచి వచ్చి గుద్దింది. ఇంతకు మించి నాకు తెలియదు. దయచేసి మీరెవరూ అన్నని అడగకండి.

తమిళ బళ్ళలో చదివిన మనవాళ్ళలో చాలామందికి ఈ అక్షరాలు రావు. నాకు తెలుగు చదవడం, రాయడం నేర్పింది వదినే, అందుకే మన ఇంటివాళ్ళ గ్రూపులో తెలుగులో పెడుతున్నాను. వచ్చినవాళ్ళు రానివాళ్ళకి చదివి వినిపించండి.

వదిన ఏం పని చేసేదో మీలో సగం మందికి తెలియదు. "ఏదో కంప్యూటర్ పని" అనేవాళ్ళు.

మన చుట్టుపక్కల కల్యాణ మండపాలన్నీ బుక్ చేసుకునే వెబ్‌సైట్ ఒకటుంది. అది నడిచే సర్వర్‌ని వదిన చూసుకునేది. నేను ఆమె అసిస్టెంట్‌ని. ఆ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో అప్పుడప్పుడు ఏదో ఒక కన్నం బయటపడుతుంది. బయటపడిన వార్త మనకెంత త్వరగా తెలుస్తుందో దొంగలకీ అంతే త్వరగా తెలుస్తుంది. వాళ్ళు దూరేలోపు ప్యాచ్ వేసి మూసేయాలి. వేసేటప్పుడు సైట్ కాసేపు ఆగుతుంది.

మండపం బుకింగే కదా, దొంగలకి దాంతో ఏం పని అని అడిగాను ఒకసారి. వదిన నవ్వలేదు. అందులో పెళ్ళివాళ్ళ పేరు, ఇంటి అడ్రస్, తేదీ ఉంటాయి, అంటే ఏ ఇంటికి ఏ రాత్రి తాళం పడుతుందో ఉన్నట్టే కదా అంది.

అప్పటినుంచి ఆ సర్వర్ అంటే నాకు దడ.

మొదట్లో మా ఓనర్ ప్యాచ్ కూడా నల్లనేరం చూసే వేయమన్నాడు. మన డైలీ క్యాలెండర్‌లో వేస్తారే, ఆ మంచి గడియ. కంప్యూటర్ ముందు కర్పూరం కూడా వెలిగించాడు మహానుభావుడు. సరిగ్గా అదే గడియలో జిల్లా అంతా మండపాలు బుక్ చేస్తోంది! సైట్ పడిపోయింది. పెరియంపట్టి నుంచి ఒక పెళ్ళికొడుకు తండ్రి ఫోన్ చేసి, ఇది అపశకునమా అని ఏడ్చినంత పని చేశాడు.

తర్వాతి ప్యాచ్‌కి వదిన అదే క్యాలెండర్‌లో రాహుకాలం చూసింది. ఆ సమయంలో మన ఊళ్ళో ఎవరూ పెళ్ళి మాటెత్తరు. సైట్ మీద ఈగ కూడా వాలదు.

ఇంట్లో అమ్మ ఒకటే గోల. కోడలు రాహుకాలం చూసుకుని మరీ పని మొదలుపెడుతోందని. వదిన మాత్రం, "రాహువు నాకు హెల్పరు అత్తా" అనేది.

ప్యాచ్ వేశాక సైట్ పనిచేస్తోందా అని ఒక ఉత్తుత్తి బుకింగ్ చేసేది. వధువు ఎప్పుడూ నేనే. వరుడు మాత్రం మారేవాడు. ఒకసారి టీకొట్టు మాస్టర్, ఒకసారి వత్తల్‌మలై బస్సు కండక్టర్. కన్ఫర్మ్ అవగానే క్యాన్సిల్. నాకు ఎన్ని పెళ్ళిళ్ళు చేసి ఎన్ని రద్దు చేసిందో.

ఈ వారం మళ్ళీ ఒక కన్నం బయటపడింది. పెద్దది. పాస్‌వర్డ్ లేకుండానే లోపలివన్నీ చదివేయొచ్చు. వదిన ప్యాచ్‌ని స్పేర్ మెషీన్ మీద వేసి చూసింది. అసలు దానికి రేపు రాహుకాలంలో వేద్దాం అని చెప్పి సేలం బస్సెక్కింది.

ఆ రేపు, ఈరోజు.

పొద్దున వదినని చివరిసారి సాగనంపి ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను. ఎవరో ఊరూపేరూ లేనివాళ్ళు సరిగ్గా ఆ కన్నం దగ్గరే తడుముతున్నారు. ఆగడం లేదు. నేను ఒక్కదాన్నే ఎప్పుడూ ప్యాచ్ వేయలేదు. తప్పుగా వేస్తే సైట్ పోతుంది, వేయకపోతే అన్ని ఇళ్ళ అడ్రసులూ పోతాయి.

హాల్లో చుట్టాలు గుసగుసలాడుతున్నారు. అన్నీ రాహుకాలంలో చేసేది, అదే కొట్టింది అని.

వదిన ఒకసారి నాతో అన్న మాట గుర్తొచ్చింది. "నీకు భయం ఉండాది సుధా, అందుకే నీకు నేర్పిస్తా ఉండాను. భయం లేనోళ్ళ చేతికి సర్వర్ ఇయ్యగూడదు."

గుర్తొచ్చినా లేవలేకపోయాను.

అప్పుడు అమ్మ మాట్లాడింది. నిన్నటినుంచి నోరు తెరవని మా అమ్మ.

"నిన్న నల్లనేరం చూసి, నేనే కదమ్మా బస్సెక్కించినాను."

అమ్మ క్యాలెండర్ వైపు చూసి, నా వైపు తిరిగింది.

"రాహుకాలం వచ్చేసింది. పో, ఆ పిల్ల పని ముగించు."

ముందు సైట్ మొత్తం కాపీ తీసి పెట్టుకున్నాను. ప్యాచ్ వేశాను. రీస్టార్ట్ కొట్టాను. తెల్ల పేజీ. అమ్మ వెనక నిలబడి నా భుజం పట్టుకుంది.

పేజీ వచ్చింది.

ఇక ఉత్తుత్తి బుకింగ్. వధువు దగ్గర నా పేరు కొట్టడానికి చెయ్యి రాలేదు. హేమ అని కొట్టాను. వరుడి దగ్గర అన్న పేరు. పూలదండల బొమ్మతో కన్ఫర్మ్ అయింది, మీకు మా శుభాకాంక్షలు అని.

క్యాన్సిల్ చేయాలి. నావల్ల కాలేదు. ఏడుస్తూ కూర్చున్నాను.

అన్న వచ్చి ఆ పేజీని చూశాడు.

"ఆ తేదీ ఎవురికన్నా కావల్సొస్తుందిలే" అని, తనే క్యాన్సిల్ నొక్కాడు.

వదినా, కన్నం మూసేశాను. నాకింకా భయంగానే ఉంది, నువ్వు చెప్పినట్టే ఆ భయాన్ని దగ్గరే పెట్టుకుంటాను. నువ్వు మాత్రం ఏ సర్వర్ అలారమూ మోగని చోట, ఏ దిగులూ లేకుండా నిద్రపో.