మెదక్‌లో క్లోమం నొప్పికి పసరు అడగబోయిన ఆదివారం

మా ఆయనకు మూడేళ్ళుగా క్లోమం వాపు. డాక్టర్లు పాంక్రియాస్ అంటారు, పొట్ట వెనకాల ఉండే గ్రంథి. తిన్న గంటకల్లా నొప్పి లేచి వీపులోకి గుంజుతుంది. ఇక ఆ పూటంతా మనిషి మంచం మీద ముడుచుకుని పడుకోవలసిందే. నిండుగా ఉండేవాడు, ఇప్పుడు పెళ్ళినాటి చొక్కాలు కూడా వదులే. అన్నం అరగడానికి దాంతో పాటు మింగే గొట్టం గోలీలు (క్యాప్సూళ్ళు), షుగరు గోలీలు నడుస్తున్నాయి. డాక్టరు ఎన్నడూ నయమవుతుందని అనలేదు, ఇంకా పాడవకుండా కాపాడుకుందాం అన్నాడు. ఆ మాట మాకు చాల్లేదు. పక్కింటావిడ మేనమామకు మెదక్‌లో పోశవ్వ అనే ఒక అవ్వ పోసిన పసరుతో కడుపునొప్పి మాయమైందని వినగానే, వెళ్దామని ముందు లేచింది నేనే. గుళ్ళూ జాతరల గురించి రాసుకునే ఈ బ్లాగులో ఇలాంటిది రాస్తానని అనుకోలేదు. కానీ అక్కడికి ఎలా వెళ్ళాలని అడిగేవాళ్ళు ఒకరిద్దరు కాదు, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అవ్వ గురువారం, ఆదివారం మాత్రమే పసరు పోస్తుంది. అదీ పొద్దున పదింటి లోపే, పరగడుపున వచ్చినవాళ్ళకే. మేముండేది బాలానగర్‌లో కాబట్టి ఐదుంపావుకు నర్సాపూర్ మీదుగా వెళ్ళే మెదక్ బస్సెక్కాం. నాకు ఆధార్ చూపిస్తే టికెట్టు ఉచితం, ఆయనకు నూట నలభై దాకా అయింది. నర్సాపూర్ అడవి దాటేసరికి తెల్లవారింది. అప్పుడు చెప్పాడు, మూడు రోజులుగా గోలీలు వేసుకోవడం లేదని.

"పసరుకు ఉల్ట కొడుతయట. గందుకే బంద్ పెట్టిన."

"షుగరువి కూడనా?"

"అన్ని."

నాకు ఒళ్ళు మండింది. బస్సులో నలుగురి ముందు ఏమనను? గోలీల డబ్బా నా చేతిసంచిలోనే ఉంది, ఆ సంగతి చెప్పలేదు. ఖాళీ కడుపుతో, కిటికీకి తలానించి కళ్ళు మూసుకున్న ఆయన్ను చూస్తే కోపం పోయి భయం పట్టుకుంది. పసరు పనిచేస్తే సరే. చేయకపోతే ఈ మనిషి ఏమవుతాడన్నది బస్సు దిగేదాకా ఒక్క క్షణం కూడా నన్ను వదల్లేదు.

బస్టాండు నుంచి ఆటోకు అరవై రూపాయలు. అందరూ చూడ్డానికి వెళ్ళే పెద్ద చర్చి ఒక పక్కన ఉండిపోయింది, మేం ఖిల్లా వైపు తిరిగాం. డ్రైవరు అడగకుండానే కనిపెట్టాడు.

"పోశవ్వ కాడికేనా అక్కా? ఐతారమొస్తె నాకు గదే గిరాకి."

"బాగైతుండ్రా అన్నా, వచ్చినోళ్ళు?"

"కామెర్లోళ్ళయితే మస్తు మంది బాగైనమనే చెప్తరు. కడుపునొప్పోళ్ళ సంగతి నాకు తెల్వదక్కా. జూట మాటెందుకు చెప్పాలె?"

డ్రైవరు నిజం చెప్పాడని అప్పుడు నాకు అనిపించలేదు, గిట్టనివాడని అనిపించింది. మనిషికి ఆశ పుడితే ఎదుటివాడి నిజాయితీ కూడా గిట్టదు.

పోశవ్వది రేకుల ఇల్లు. ముందున్న వాకిట్లో పదిహేను మంది దాకా గోనెసంచుల మీద కూర్చున్నారు, చాలామందికి కళ్ళు పచ్చగా ఉన్నాయి. రోటి దగ్గర పచ్చి ఆకు వాసన. అందులో నేల ఉసిరిని గుర్తుపట్టాను, మిగతావి తెలియలేదు. ఆకుల పేర్లు అడగకూడదు, చెబితే గుణం పోతుందని అక్కడి నమ్మకం. డబ్బు తీసుకోదు, ఒక కొబ్బరికాయ చాలు. మా వంతు ఎనిమిదిన్నరకు వచ్చింది. అవ్వ డెబ్బై దాటిన మనిషి, గట్టి చూపు. మా ఆయన కనురెప్పలు కిందికి లాగి చూసింది, గోళ్ళు చూసింది.

"కామెర్లు గావు. నొప్పి తిన్నంక లేస్తదా? వీపులకు గుంజుతదా?"

"అవునవ్వా."

"దొడ్డికి పోతె నూనె తేలినట్టు అయితదా?"

ఆయన సిగ్గుపడి నా వైపు చూశాడు. నేను తలూపాను.

"కల్లు తాగుతవా?"

"బ్రాందీ, బీరు ఎన్నడు ముట్టలేదవ్వా. కల్లంటవా, గది అందరు తాగేదే గద."

"అందర్ని అడుగలె, నిన్ను అడిగిన. ఎన్ని సీసలు?"

"ఐతారమొస్తె మూడు, నాలుగు. మల్ల పొద్దుగాల ఇంట్ల ఒక లోటెడు."

ఆ లోటా నేను పోసిందే. ఇక్కడ దాచి లాభం లేదు. పరగడుపున ఈత కల్లు తాగితే కడుపులో మంట చల్లారుతుందని మా ఇళ్ళలో గట్టి నమ్మకం. నొప్పి మొదలైన కొత్తలోనే, దొరికిన రోజల్లా పొద్దున్నే కల్లు కాంపౌండుకు వెళ్ళి తెచ్చి, వడగట్టి మరీ ఇచ్చాను. మందు అనుకునే ఇచ్చాను. డాక్టరు "తాగే అలవాటుందా?" అని అడిగిన ప్రతిసారీ ఆయన నోరు తెరవకముందే, "చుక్క ముట్టడు సార్" అని చెప్పిందీ నేనే. అబద్ధమని తోచనే లేదు. మాకు కల్లు అమ్మవారి ముందు సాకగా ధార పోసేది, చావుకూ పెళ్ళికీ ఉండేది, అది తాగుడు కిందికి ఎలా వస్తుంది? తాగని మొగుడు దొరికాడని నలుగురిలో గర్వంగా చెప్పుకున్నాను కూడా. ఆ వాకిట్లో ఆ గర్వమంతా నా మొహాన కొట్టినట్టయింది.

"గోలీలేమన్న ఏస్కుంటున్నవా?" అంది అవ్వ.

"మూడొద్దుల సంది ఇడిసిపెట్టిన."

"ఎవలు ఇడువమన్నరు? నేను చెప్పిన్నా?" అవ్వ గొంతు లేచింది. "నా పసరు కామెర్లకు. గీ నొప్పికి నా కాడ ఏం లేదు."

"గంత దూరంకెల్లి వచ్చినమవ్వా. జరంత పొయ్యి, నీ కాళ్ళు మొక్కుత." మా ఆయన నిజంగానే వంగాడు. పక్కింటి మేనమామ సంగతీ చెప్పాడు.

"గాయనకు ఏముండెనో నాకు యాదికి లేదు. పత్యమంటె కల్లు బంద్, నూనె బంద్. గందుకే సల్లవడ్డదేమో." అవ్వ రోటి వైపు చేయి చూపింది. "గిట్లనే మా తమ్ముడొచ్చిండు బిడ్డా. కడుపుల సల్లగైతదని నా చేతులతోటి నూరి పోసిన. వాడు దవఖాన గోలీలు ఇడిసిండు, కల్లు ఇడువలె. నేను అడుగలె. మనిండ్లల్ల కల్లు సంగతి ఎవలు అడుగుతరు? వాడు దక్కలె. పోండ్రి, ఇంత తిని గోలీ ఏస్కోండ్రి."

కొబ్బరికాయ కూడా తిరిగి ఇచ్చేసింది. వాకిలి దాటాక ఆయన అరుగు మీద కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు. నేను పక్కన కూర్చున్నాను. కొంతసేపటికి బస్టాండు దగ్గర హోటల్లో చట్నీ లేకుండా రెండు ఇడ్లీలు చెప్పి, డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. మా ఆయన తిట్టలేదు, డబ్బా ఎందుకు తెచ్చావని అడగలేదు, ఇడ్లీతో పాటు గోలీ మింగాడు. పదకొండు గంటల బస్సుకు తిరిగి వచ్చేశాం.

మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గోలీలు ఆపిన సంగతి చెప్పి చీవాట్లు తిన్నాం, డాక్టరు మళ్ళీ మొదటినుంచీ అన్నీ అడిగాడు. తాగే అలవాటు దగ్గరికి వచ్చేసరికి ఈసారి నేను నోరు మెదపలేదు. మా ఆయనే కల్లు గురించి చెప్పాడు, సీసాల లెక్కతో సహా. డాక్టరు పెన్ను కింద పెట్టి, "మూడేళ్ళుగా ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. లోటా సంగతి బయటికి వస్తుందని నేను తలదించుకున్నాను. మా ఆయన, "కల్లు గూడ తాగుడేనని నాకే తెల్వలేదు సార్" అన్నాడు, నేను పోసిన లోటా మాట ఎత్తలేదు. మానితే పూర్తిగా నయమవుతుందని డాక్టరు మాటివ్వలేదు, మానకపోతే మాత్రం ఏ గోలీ కాపాడదన్నాడు. ఆకుల మీద నాకు కోపం లేదు, అవ్వ మీద అంతకంటే లేదు. మూడేళ్ళూ ప్రేమగా పోసిన నా చేతిని మాత్రం ఇంకా క్షమించలేకపోతున్నాను. ఆయన క్షమించాడు. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్కటే మాట. మెదక్ వెళ్ళినా ఇంకెక్కడికి వెళ్ళినా గోలీలు ఆపకండి, సంచిలో వెంట పెట్టుకోండి. డాక్టరు "తాగుతారా?" అని అడిగినప్పుడు కల్లు పేరు పెట్టి చెప్పండి, పక్కన కూర్చున్న భార్యలు దయచేసి ముందుగా జవాబు చెప్పకండి.