నీళ్ళు పచ్చబడాల

ఆత్మకూరులో ఉప్పునీళ్ళ చేపలు పెంచడమంటే మా ఆఫీసులో అందరికీ నవ్వులాటే. "సముద్రం చూడాలంటే నెల్లూరు దాటిపోవాల. నువ్వేంది మే, హాల్లోనే పెట్టుకున్నావంట?" అన్నారు. నేను ఒకరి మాట వినే రకం కాదు. అద్దాల తొట్టి తెచ్చాను. ఫిల్టర్ నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపాను, రాళ్ళు పేర్చాను, నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న రెండు చేపల్ని వదిలాను. అన్నీ కుదుటపడ్డాక ఒక పగడాన్ని తెచ్చి రాతికి అంటించాను. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి కాదు, ప్రాణమున్నది. లైటు వెయ్యగానే చిన్న చిన్న వేళ్ళు చాపి ఊగేది. ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడవకముందే దాని ముందు నిలబడేదాన్ని.

మా నాయన మాత్రం నవ్వలేదు. ఆయన చేజర్ల దగ్గర గుంటల్లో చేపలు పెంచిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక గుంటలు వేరేవాళ్ళకు వదిలేసి నా దగ్గరికి వచ్చాడు. వచ్చిన కొత్తలో ఏం చెయ్యాలో తోచక, ఊరికే గేటు తీసి మళ్ళీ వేస్తుండేవాడు. ఆ చప్పుడు వింటే నాకు ప్రాణం ఉసూరుమనేది. తొట్టి వచ్చాక కుర్చీ దాని ముందుకు లాక్కున్నాడు. మేత వేసే పని తనదే అన్నాడు. ఇంట్లో ఆయనకంటూ ఒక పని దొరికిందని నేనూ సంతోషపడ్డాను.

కొన్నాళ్ళకు రాళ్ళ మీద పాచి మొదలైంది. ముందు పచ్చటి నూగు, ఆ తర్వాత జుట్టులాగా పొడుగు పోగులు. అవి చుట్టూ అల్లుకునేసరికి పగడం ముడుచుకుపోయింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను, నీళ్ళు మార్చాను, లైటు తగ్గించాను. వారం తిరక్కుండా మళ్ళీ అదే. తొట్టి నీళ్ళు కాసిని గాజుగొట్టంలో పట్టి పరీక్ష చుక్కలు వేస్తే ముదురు నీలానికి తిరిగాయి. అంటే ఫాస్ఫేటు ఎక్కువైందని. పాచికి అదే తిండి. అది ఎక్కణ్ణుంచి వస్తోందో అర్థం కాక, ఉప్పు అమ్మిన నెల్లూరు షాపతన్ని ఫోన్లో నానా మాటలు అన్నాను. పాపం, అతను ఓపిగ్గా విన్నాడు.

ఒక మధ్యాహ్నం తలనొప్పిగా ఉండి తొందరగా ఇంటికొచ్చాను. నాయన చెంబుతో తొట్టిలోకి ఏదో వంచుతున్నాడు. బూడిదరంగు నీళ్ళు. మిద్దె మీద పూలకుండీలకని తెచ్చిన సూపర్ ఫాస్ఫేటు ఎరువు నానబెట్టిన నీళ్ళు!

"ఏంది నాయనా ఇది?"

"చూడు మే, ఇప్పుడిప్పుడే పచ్చబడతా ఉండాది," అన్నాడు మురిపెంగా. "నువ్వేమో గీకేస్తా ఉంటివి. నీళ్ళు పచ్చబడాల. తేటనీళ్ళల్లో చేప ఏం తిని బతుకుద్ది?"

చేపల గుంటలో అది నిజమే. పేడ, సూపరు వేసి నీళ్ళు పచ్చగా చేస్తేనే అక్కడ చేప బలుస్తుంది. పగడం బతికే నీళ్ళు వేరు. కానీ నిదానంగా చెప్పడం నా ఒంట్లో లేదు.

"ఇంకోసారి నా తొట్టిలో చెయ్యి పెట్టినావంటే చూడు! చేపల గురించి నీకేం తెలుసు?" అని అరిచాను. ఎవర్ని? మా నాయన్ని!

ఆయన చెంబు కడిగి బోర్లించి, కుర్చీ తీసుకుని వసారాలోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కక్ష కట్టినట్టు శుభ్రం చేశాను. నీళ్ళు మార్చిందే మార్చాను. ఫాస్ఫేటును పీల్చేసే గుళికలు తెచ్చి వేశాను. మేత సగానికి సగం కోసేశాను. పాచి పోయింది. చుక్కలు వేస్తే నీళ్ళు రంగే తిరగలేదు. గెలిచాననుకున్నాను. అయినా పగడం విచ్చుకోలేదు సరికదా, రోజురోజుకూ పాలిపోయింది. నాయన అన్నానికి మాత్రం లోపలికి వచ్చి, తొట్టివైపు చూడకుండా తిని లేచిపోయేవాడు. హాల్లో కూర్చోమని ఎంత పిలిచినా "ఆ, వస్తాలే" అనేవాడే గానీ వచ్చేవాడు కాదు. గేటు చప్పుడు మళ్ళీ మొదలైంది.

పగడం ఫోటో పంపితే షాపతను వెంటనే ఫోన్ చేశాడు. "మరీ కడిగి పారేసినారు మేడమ్. పాచికి తిండి లేకుండా చేస్తే పగడానికీ ఉండదు. కొంచెమన్నా ఉండాల. ఆ గుళికలు తీసేసి, చేపలకు రోజూ సరిగ్గా మేత వెయ్యండి. అవి తిని విసర్జించిందే దానికి తిండి."

మరీ తేటనీళ్ళల్లో ఏం తిని బతుకుద్ది! నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

వసారాలోకి వెళ్ళాను. "నాయనా, రా. చేపలకు మేత వెయ్యి."

"నాకేం తెలుసు మే," అన్నాడు గేటువైపు చూస్తూ.

"తెలియకపోతే నేర్చుకుందువు గానీ, లే," అని చెయ్యి పట్టుకుని లేపాను.

ఆయన డబ్బా మూత తీసి, రెండు వేళ్ళకు వచ్చినంత మేత తీసుకున్నాడు. గంపలకు గంపలు తవుడు గుంటల్లో కుమ్మరించిన చెయ్యి అది. నీళ్ళ మీదికి చాపి ఆగాడు. సగం మళ్ళీ డబ్బాలోకే రాల్చేశాడు. నా మొహంలోకి చూశాడు.

"ఇది చాలునా మే?"

ఒకర్ని అడిగి మేత వేసిన మనిషి కాదు మా నాయన.

"ఇంకొంచెం వెయ్యి నాయనా," అన్నాను.