చేతికి చుట్టిన మిల్లు గుడ్డ

తమిళనాడులోని రాజపాళయంలో ఒక బ్యాండేజీ గుడ్డ మిల్లులో నేను కటింగ్ మిషన్ నడుపుతాను. కిందటేడాది ఒక మంగళవారం, మధ్యాహ్నం 3.10కి, బ్లేడు నా ఎడమ చూపుడువేలి కొనను తెంపేసింది. సూపర్‌వైజర్ నేను కోస్తున్న గుడ్డనే నా చేతికి చుట్టి, ఆసుపత్రికి ఆటో ఎక్కించి తానూ ఎక్కాడు.

"అక్కా, ఇంట్లో కత్తిపీటకు తెగినాదని చెప్పు. మిషన్ అన్నావంటే నీ పని పోతాది" అని దారంతా అదే మాట.

డాక్టరుగారికి అలాగే చెప్పాను. ఆయన కట్టు విప్పుతూ, "బ్లీచింగ్ కాని మిల్లు గుడ్డ నీ వంటింటికి ఎట్ల వచ్చెమ్మా? నిజం రాయకుంటే నీకు నష్టపరిహారం రాదు" అన్నారు.

సూపర్‌వైజర్ గుమ్మంలోనే నిలబడి నన్ను చూస్తున్నాడు.

"మిషన్లోనే సార్" అన్నాను.

పరిహారం వచ్చింది, పనీ పోలేదు. డైరీలో మాత్రం రెండూ రాసుకున్నాను: 3.50కి అబద్ధం, 3.54కి నిజం.