సున్నం పూసిన బండ

గోపాలకృష్ణ గుంటూరు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మేష్టారు. పెళ్ళికి పిలిస్తే వెళ్ళడు, గుట్ట కనబడితే ఎక్కకుండా ఆగడు. మిరపకాయలు తెమ్మని సంచీ ఇచ్చి పంపితే, మోకాళ్ళు గీరుకుని ఖాళీ సంచీతో ఇల్లు చేరిన రోజులున్నాయి. భార్య రాజేశ్వరి తిట్టీ తిట్టీ ఊరుకుంది.

ఆయన వెతికేది అరచేతిలో ఇమిడే ఒక రాతి మొక్కను. ఈ నేల మీద వానలు దండిగా కురిసిన ఏ పాతకాలంలోనో విరివిగా పెరిగి, ఎండలు ముదిరాక రాతి నెరియల్లో తలదాచుకున్న జాతి. సున్నపురాయి ఉండాలి, ఉత్తరం వైపు నీడ ఉండాలి, వేలు పట్టేంత సందు ఉండాలి. వినుకొండ గుట్టల్లో ఒకప్పుడు ఉండేదట, ఇప్పుడు లేదు. మార్కాపురం పలకరాళ్ళ మధ్య వెతికాడు, లేదు. చివరికి పిడుగురాళ్ల అవతల, క్వారీ పక్కన మిగిలిన ఒక్క బండ మీద కనిపించింది. మేష్టారు అక్కడే కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

క్వారీ ఆ బండ దాకా వచ్చేసింది. మొక్కను కళ్ళారా చూస్తే బండ జోలికి ఎవర్నీ రానివ్వమని అటవీశాఖ అధికారులు మాటిచ్చారు, తొలకరికి వస్తామన్నారు. బండ పక్కనే పున్నమ్మ గుడిసె. సున్నపు బట్టీలో కూలికెళ్ళే మనిషి. మేష్టారు ఆమెకు మొక్కలు చూపించి, "ఇవి మనకి అమ్మవారితో సమానమమ్మా. ఇంకెక్కడా లేవు. కాస్త కనిపెట్టుకుని ఉండు" అని అప్పగించి వచ్చాడు. వేసవిలో అవి ఎండుటాకుల్లా ముడుచుకుపోతాయనీ, వాన పడగానే మళ్ళీ విచ్చుకుంటాయనీ చెప్పడం మాత్రం మరిచాడు. ఏటా తరగతిలో చెప్పిన ముక్కే, కావలసిన చోట నోట రాలేదు.

తొలివాన కురిసిన మర్నాడు, అధికారుల కంటే ముందే చూసుకుందామని బస్సెక్కాడు. దిగి చూస్తే బండ తెల్లగా ఉంది. అడుగు నుంచి కొస దాకా సున్నం, మీద పసుపు, కుంకుమ బొట్లు. నెరియలన్నీ పూడిపోయాయి.

పున్నమ్మ నవ్వుకుంటూ ఎదురొచ్చింది.

"రండి సారూ! ఎండలకి మొక్కలన్నీ మాడి చచ్చిపోయినయ్యండీ. అమ్మవారికి కోపమొచ్చిందేమోనని భయమేసింది. చచ్చినయ్యి గీకేసి, పసుపునీళ్ళు చల్లి వాగులో కలిపేశా. వాడంతా కలిసి బండ కడిగి సున్నం కొట్టాం. వాన పడిందిగా, ఇంక మొలుస్తయ్యి గదండీ?"

మేష్టారు బండ దగ్గరికి పరుగెత్తాడు. సందుల్లో వేళ్ళు పెట్టి గీరాడు, గోళ్ళ నిండా సున్నమే వచ్చింది. ఆయన్ని చూస్తున్న పున్నమ్మ మొహంలో నవ్వు ఆరిపోయింది.

"అప్పటికవి చావలేదా సారూ? నేనే చంపానా?"

మేష్టారు చేతుల సున్నం దులుపుకున్నాడు. "లేదమ్మా, నువ్వు తీసేనాటికే చచ్చిపోయాయి" అన్నాడు.

పున్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అయితే మళ్ళీ ఎతుకుదాం సారూ. ఈసారి నేనూ వస్తా."

వెతకడానికి ఇంక గుట్ట మిగల్లేదని చెప్పలేక మేష్టారు తలూపాడు.